కీరకు అదను: ఇవాళ్టి మట్టి, 40 రోజుల తర్వాతి ఎండ

కీర దోస విత్తనాన్ని మొలిపించడం కష్టం కాదు. మట్టి వెచ్చగా ఉంటే మూడో రోజుకే తల పైకెత్తుతుంది. ఆ సులువు వల్లే విత్తే రోజు గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు, ప్యాకెట్ చేతికొచ్చిన రోజే గుచ్చేస్తారు. తీగ బాగానే పాకుతుంది, పూలు విరగబూస్తాయి, పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోతాయి. నిలిచిన నాలుగు కాయలూ చేదు. అప్పుడు ఎరువు చాలలేదనో, విత్తనం నాసిరకమనో అనుకుంటారు. నా అనుభవంలో ఎక్కువసార్లు తేడా వచ్చేది విత్తిన తేదీలోనే.

కీరకు రెండు వేడిమిలు కుదరాలి. విత్తే రోజున మట్టి వేడిమి, పూత మొదలయ్యే రోజుల్లో గాలి వేడిమి. మొదటిదాన్ని ఇవాళే థర్మామీటరుతో కొలవవచ్చు. రెండోదాన్ని సుమారు 40 రోజులు ముందుకు లెక్క వేసి అంచనా కట్టాలి. చాలామంది మొదటిది కూడా చూడరు, చూసినవాళ్లు అక్కడే ఆగిపోతారు. నెల పేరును బట్టి విత్తడం కన్నా ఈ రెంటినీ చూసి విత్తడం నమ్మకమైన పద్ధతి. ఒకే నెల ఒక ఏడు చల్లగా, ఇంకో ఏడు మంటలా ఉంటుంది, తీగకు క్యాలెండరు తెలియదు.

మట్టిని కొలిచేది ఇలా

వంటకు, ప్రయోగశాలకు వాడే పొడవాటి కాడ థర్మామీటరు ఏదైనా సరిపోతుంది. విత్తనం పడే చోట 5 సెంటీమీటర్ల లోతుకు దించి, అంకె కదలకుండా నిలిచేదాకా రెండు మూడు నిమిషాలు ఆగుతాను. కొలవాల్సిన వేళ తెల్లవారాక, ఎండ మట్టిని తాకకముందు. రోజు మొత్తంలో మట్టి చల్లగా ఉండేది దాదాపు అప్పుడే. మధ్యాహ్నం కొలిచి 28 డిగ్రీలు వచ్చింది కదా అని విత్తితే, అదే మట్టి రాత్రి 13కు దిగిపోతూ ఉండవచ్చు. వరసగా నాలుగు రోజులు తెల్లవారుజామున 18 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంటే విత్తడానికి మట్టి సిద్ధం. 20 దాటితే ఇంకా మంచిది.

ఈ 18 ఎందుకంటే, కీర విత్తనం 10 డిగ్రీల దగ్గర అసలు మొలవదు. 15 దగ్గర మొలుస్తుంది గానీ పైకి రావడానికి రెండు వారాలకు కాస్త తక్కువ పడుతుంది. 20 దగ్గర ఆరు రోజులు, 25 దగ్గర నాలుగు, 30 దగ్గర మూడు రోజులు చాలు. చల్లమట్టిలో ఆలస్యం ఒక్కటే నష్టమైతే ఓపిక పట్టవచ్చు. కానీ తడి మట్టిలో పది పన్నెండు రోజులు కదలకుండా పడి ఉన్న విత్తనాన్ని పిథియం లాంటి మట్టి సూక్ష్మజీవులు ముందే తినేస్తాయి. దాన్ని తవ్వి చూస్తే పై పెంకు గట్టిగానే ఉంటుంది, లోపల పప్పు మెత్తగా గోధుమరంగు జావలా మారి ఉంటుంది. ఇంకో దెబ్బ ఉంది. ఎండు విత్తనం మొదటిసారి నీరు పీల్చుకునే కొన్ని గంటల్లో చలి తగిలితే కణాల పొరలు దెబ్బతింటాయి. అలాంటిది మొలిచినా బీజదళాలు (విత్తనంలోంచి వచ్చే మొదటి రెండు దళసరి ఆకులు) ముడతలుపడి, వేరు కొన నల్లబడి, ఎప్పటికీ కోలుకోని మొక్క అవుతుంది. అందుకే విత్తిన రోజు, మర్నాడు రెండూ వెచ్చగా ఉండాలి. మూడు రోజుల్లో చలిగాలి వస్తుందని తెలిసినప్పుడు నేను విత్తనాన్ని పొడిగా సంచిలోనే ఉంచుతాను.

వేడి వైపు కూడా హద్దు ఉంది. 35 డిగ్రీల దాకా కీర హాయిగా మొలుస్తుంది, 40 దాటితే మొలక శాతం పడిపోతుంది. నేలలో 5 సెంటీమీటర్ల లోతున ఆ వేడి అరుదు గానీ, ఎండలో పెట్టిన నల్లటి కుండీలో, గ్రో బ్యాగ్‌లో మామూలే. అంచుల దగ్గర మట్టి మధ్యలో కన్నా బాగా వేడెక్కుతుంది కూడా. కాబట్టి వేసవి విత్తనానికి మధ్యాహ్నం మూడింటికి, కుండీ అంచు దగ్గర కొలవాలి. ఎక్కువగా ఉంటే మొలకెత్తేదాకా కుండీని నీడకు జరపడం, లేదా ఎండుగడ్డి పల్చగా పరచడం చేయాలి. మొదటి మొలక వంకీ కనబడగానే ఆ గడ్డిని తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా కాండం వెలుతురు కోసం సాగిపోతుంది.

పూత రోజు నుంచి వెనక్కి

ఇది అసలు విషయం, ఓపికగా లెక్క వేయాల్సింది. వెచ్చటి వాతావరణంలో విత్తిన 35 నుంచి 40 రోజులకు పూత మొదలవుతుంది. సాధారణ రకాల్లో మొదట మగపూలే వస్తాయి, ఒక వారం, పది రోజుల తర్వాత ఆడపూలు. ఆడపువ్వు విచ్చిన 8 నుంచి 12 రోజులకు కాయ కోతకొస్తుంది. అంటే మొదటి కోత సుమారు 50 నుంచి 60 రోజుల మధ్య. అక్కడి నుంచి నాలుగైదు వారాలు కాపు సాగుతుంది. కాబట్టి విత్తిన నాటి నుంచి 40వ రోజు మొదలు 90వ రోజు దాకా వాతావరణం ఎలా ఉండబోతుందన్నదే తూకం.

ఆ 50 రోజుల్లో పగటి వేడిమి 24 నుంచి 30, రాత్రి 18 నుంచి 21 మధ్య ఉంటే కీరకు పండగే. పగలు 35 దాటడం మొదలైతే కష్టాలు ఒక్కటొక్కటిగా కాకుండా మూకుమ్మడిగా వస్తాయి. ఎక్కువ వేడి, పొడవాటి పగళ్లు కలిస్తే తీగ మగపూలే ఎక్కువ వేస్తుంది. ఉన్న మగపూల పుప్పొడి కూడా వేడికి చచ్చుబడుతుంది, ఆడపూలు ఫలదీకరణ కాక రాలిపోతాయి. నిలిచిన కాయల్లో చేదు పెరుగుతుంది. రాత్రులు 15 కన్నా తగ్గితే పెరుగుదల మందగిస్తుంది, 10కి దిగితే దాదాపు ఆగిపోతుంది, మంచు గడ్డకట్టేంత చలి పడితే మొక్క నల్లబడి ఒక్క రాత్రిలో పోతుంది. ఎడతెగని వానల్లో తేనెటీగలు బయటికి రావు, తడి ఆరని ఆకులకు బూజు తెగులు పట్టుకుంటుంది.

ఇప్పుడు లెక్క. మీ దగ్గర పగటి వేడిమి సాధారణంగా 35 దాటే వారం ఏదో పాత నమోదుల నుంచి చూసుకోండి. దాని నుంచి 80 రోజులు వెనక్కి వెళ్లండి. మొదటి కోతకు 50 రోజులు, కనీసం నాలుగు వారాల కాపు, అందుకే 80. ఆ తేదీ విత్తడానికి చివరి గడువు. తెల్లవారుజామున మట్టి 18 డిగ్రీలు నిలకడగా చేరే తేదీ మొదటి గడువు. ఈ రెంటి మధ్య ఉన్నదే మీ అదను. కొన్నిచోట్ల ఈ వ్యవధి రెండు నెలలు ఉంటుంది, తొందరే లేదు. కొన్నిచోట్ల చివరి గడువు మొదటి గడువు కన్నా ముందే వచ్చేస్తుంది. మట్టి వెచ్చబడేసరికే ఆలస్యమైపోతుందన్నమాట. అలాంటిచోట నేరుగా నేలలో విత్తకుండా, వెచ్చటి చోట కప్పుల్లో నారు పెంచి, రెండు మూడు వారాలు కలిపి తెచ్చుకోవాలి. నారు పెంచడం వల్ల నిజమైన లాభం అదే. అదను తగినంత వెడల్పుగా ఉన్నప్పుడు నారు కోసం శ్రమపడాల్సిన పని లేదు, నేరుగా విత్తిన మొక్క వేరు ఎప్పుడూ బలంగానే ఉంటుంది.

వేసవి వెళ్లాక వేసే పంటకు లెక్క తిరగబడుతుంది. అప్పుడు విత్తే రోజున మట్టి వేడికి కొదవ ఉండదు, ముందున్నది చలి. రాత్రులు 15కు దిగే వారం నుంచి 80 రోజులు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ఇంకో పది పద్నాలుగు రోజులు వెనక్కి జరగాలి. పగళ్లు కురచవుతూ, చల్లబడుతూ ఉన్నప్పుడు ప్రతి దశా మెల్లగా నడుస్తుంది. ప్యాకెట్ మీద 50 రోజులు అని రాసిన రకమే అప్పుడు 65 తీసుకుంటుంది. దీనికి ఒక మేలు కూడా ఉంది: చల్లటి, కురచ పగళ్లలో ఆడపూల శాతం పెరుగుతుంది. చలీ మండుటెండా పెద్దగా లేని చోట జడివానలే హద్దు. పూత, కాపు రోజులు వాన ముసుర్లో పడకుండా చూసుకుంటే చాలు.

ఒకేసారి అంతా విత్తడం కన్నా విడతలు మేలు. మొదటి విడతలో తొలి పువ్వు విచ్చిన రోజు రెండో విడత విత్తుతాను. మొదటిది కాపు తగ్గేసరికి రెండోది కోతకొస్తుంది. మధ్యలో తేదీలు రాసుకోవాల్సిన పని కూడా ఉండదు, తొలి పువ్వే గుర్తు చేస్తుంది.

విత్తనం

ప్యాకెట్ కొనేముందు ఆ రకం పూసే తీరు తెలుసుకోవాలి. సాధారణ రకాల్లో మగ, ఆడ పూలు రెండూ ఒకే తీగకు వస్తాయి, తేనెటీగలు కావాలి. గైనోషియస్ అనే రకాల్లో దాదాపు అన్నీ ఆడపూలే. వాటి ప్యాకెట్‌లో పుప్పొడి కోసం సాధారణ రకం విత్తనాలు కొన్ని కలిపి ఇస్తారు, తరచుగా వాటికి వేరే రంగు పూసి ఉంటుంది. ఆ రంగు విత్తనాలను తేడాగా ఉన్నాయని పారేస్తే మిగతా తీగలన్నీ పూసి ఊరుకుంటాయి. మూడోవి పార్థినోకార్పిక్ రకాలు. వీటికి పరాగ సంపర్కం అక్కర్లేదు, గింజ లేకుండానే కాయ ఊరుతుంది. దోమతెర కట్టిన షెడ్డులోనూ, తేనెటీగలు తిరగని ఎత్తైన మేడల మీదా ఇవే నమ్మదగినవి. వీటి పక్కన గింజ రకాలు వేయకూడదు. తేనెటీగలు పుప్పొడి తెచ్చి అంటిస్తే కాయలో గింజలు పడి, ఒకవైపు ఉబ్బి వంకర పోతుంది.

పొడిగా, చల్లగా దాచిన కీర విత్తనం నాలుగైదేళ్లు పనికొస్తుంది. అయినా పాత ప్యాకెట్‌ను పరీక్షించకుండా విత్తడం అనవసరపు పందెం. పది విత్తనాలు తడి గుడ్డలో వరసగా పరిచి, చుట్టి, మూత ఉన్న డబ్బాలో 25 నుంచి 30 డిగ్రీలుండే చోట పెట్టండి. నాలుగో రోజు ఒకసారి, ఎనిమిదో రోజు ఒకసారి లెక్కపెట్టాలి. నాలుగో రోజుకే ఎనిమిది మొలిస్తే విత్తనం చురుగ్గా ఉన్నట్టు. ఎనిమిదో రోజుకు గానీ ఆ సంఖ్య రాకపోతే బతికే ఉన్నాయి గానీ బలం తగ్గింది, చల్లమట్టికి అవి పనికిరావు. ఐదు కన్నా తక్కువైతే కొత్తవి తెచ్చుకోవడమే.

నానబెట్టడం తప్పనిసరి కాదు, వెచ్చటి మట్టిలో అయితే తేడా ఒక్క రోజే. నానబెట్టదలిస్తే గోరువెచ్చటి నీళ్లలో నాలుగు నుంచి ఆరు గంటలు చాలు. రాత్రంతా, మర్నాడంతా నీళ్లలో ఉంచితే ఊపిరాడదు. కీర విత్తనపు పెంకు కింద పల్చటి పొర ఒకటి ఉంటుంది, నీరు ఎక్కువైతే అది గాలిని లోపలికి పోనివ్వదు. మట్టి బురదలా ఉన్నప్పుడు మంచి విత్తనం కూడా మొలవకపోవడానికి కారణం అదే. గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగు పూత ఉన్నవి మందు పట్టించిన విత్తనాలు. వాటిని అసలు నానబెట్టకూడదు, మందు కడుక్కుపోతుంది. వట్టి చేత్తో ముట్టకూడదు కూడా.

విత్తడం

కప్పుల్లో వేసే మిశ్రమానికి కోకోపీట్ రెండు పాళ్లు, బాగా మాగిన జల్లెడ పట్టిన కంపోస్టు ఒక పాలు వాడతాను. కోకోపీట్‌లో ఉప్పు ఉండే అవకాశం ఉంది, కాబట్టి రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి. సగం మాగిన ఎరువు కలిపితే లోపల వేడి పుట్టి లేతవేరు మాడిపోతుంది. మిశ్రమాన్ని ముందురోజే తడిపి ఉంచుకుంటే విత్తేసరికి పదును కుదురుతుంది. గుప్పెట్లో పట్టి పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, వేలితో తాకితే ముద్ద విడిపోవాలి. ఈ పదును మీద విత్తితే మొలిచేదాకా నీళ్లు పోయాల్సిన అవసరం చాలావరకు రాదు. విత్తాక కుండపోతగా పోసేవాళ్లకే మొలకలు తక్కువ వస్తాయి.

లోతు 2 సెంటీమీటర్లు. బరువైన నేలలో ఒకటిన్నర, తేలిక ఇసుక నేలలో రెండున్నర. విత్తనాన్ని బల్లపరుపుగా పడుకోబెట్టాలి. ఈ చిన్న విషయం వెనక చక్కటి కారణం ఉంది. వేరు బయటికొచ్చి కిందికి వంగాక, వేరూ కాండమూ కలిసే చోట లోపలి వైపు పెగ్ అనే చిన్న కొక్కెం పుడుతుంది. అది కింది పెంకును పట్టి ఆపుతుంది, కాండం వంకీలా పైకి లాగుతుంది, బీజదళాలు పెంకులోంచి జారి బయటికొస్తాయి. ఆ కొక్కెం ఎటువైపు పుట్టాలో చెప్పేది గురుత్వాకర్షణ. 1998లో డిస్కవరీ వ్యోమనౌకలో కీర విత్తనాలను మొలిపించి చూస్తే, బరువు తెలియని ఆ స్థితిలో రెండువైపులా కొక్కేలు పుట్టాయి. విత్తనం నిలువుగా కూరుకుపోయినా, పైన మట్టి మరీ పల్చగా ఉన్నా ఈ పని సరిగ్గా జరగక పెంకు బీజదళాల మీద టోపీలా ఉండిపోతుంది. అలా ఉంటే పొడిగా ఉన్నప్పుడు లాగకండి, బీజదళం చిరుగుతుంది. నీటి చుక్క వేసి, అరగంట ఆగి, మెత్తబడ్డాక గోళ్లతో మెల్లగా విడదీయాలి.

కప్పు 7 నుంచి 8 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు, అడుగున రంధ్రాలు. ప్రోట్రే (నారు పెంచే గళ్ల ట్రే) అయితే 50 గళ్లది. ఒక్కో కప్పులో రెండు విత్తనాలు వేసి, మొదటి ఆకు వచ్చాక బలహీనమైనదాన్ని కత్తెరతో మొదట్లో కత్తిరిస్తాను. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది. కీర వేరు తెగితే వంగ, టమాటాల్లా త్వరగా కోలుకోదు. నేలలో నేరుగా విత్తేటప్పుడు పాదుకు మూడు విత్తనాలు వేసి ఒకటి ఉంచాలి. పందిరికి పాకించే తీగల మధ్య 40 సెంటీమీటర్లు, నేల మీద పాకనిచ్చేవాటి మధ్య 60, వరసల మధ్య ఒక మీటరు నుంచి మీటరున్నర.

మొలక చెప్పే సంగతులు

మొలక పైకొచ్చిన మొదటి వారంలోనే మున్ముందు ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది. బీజదళాలు అడ్డంగా విచ్చుకుని, మందంగా, ముదురాకుపచ్చగా ఉండాలి. నేల నుంచి బీజదళాల దాకా కాండం 3, 4 సెంటీమీటర్లుంటే బాగున్నట్టు. 6 దాటి తెల్లగా, సన్నగా సాగితే వెలుతురు చాలడం లేదు. కిటికీ దగ్గర పెంచే నారుకు వచ్చే ప్రధాన సమస్య ఇదే. మొలవడానికి వేడి కావాలి, మొలిచాక వెలుతురు కావాలి. మొలిచిన రోజే వేడి కొంచెం తగ్గించి, వెలుతురు పెంచాలి. సాగిపోయిన నారును లోతుగా పూడ్చి సరిచేద్దామని చూడకండి. టమాటాకు ఆ పని చెల్లుతుంది, కీర కాండం మట్టిలోకి పోతే కుళ్లుతుంది. ఆ నారు తీసేసి మళ్లీ విత్తడమే త్వరగా అయ్యే పని.

నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ మట్టి మట్టం దగ్గర నీళ్లు పట్టినట్టు మెత్తబడి, సన్నబడి పడిపోయిందంటే నారుకుళ్లు తెగులు. దీనికి మందు కన్నా పొడిదనమే మంచి వైద్యం. పడిపోయినదాన్ని మట్టితో సహా తీసేయాలి, మిగిలిన కప్పులకు పైనుంచి నీళ్లు ఆపి అడుగునుంచి పళ్లెంలో పెట్టి తాగించాలి, గాలి ఆడనివ్వాలి. పాత కప్పులను కడగకుండా వాడితే ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. బీజదళాలకు గుండ్రటి రంధ్రాలు పడితే పెంకు పురుగుల పని. పెద్ద తీగకు ఆ తినుడు లెక్కలోది కాదు, రెండాకుల మొలకకు మాత్రం ప్రాణాంతకం. అందుకే నేలలో నేరుగా విత్తినప్పుడు మొలకల మీద సన్నటి వలగుడ్డ కప్పి, నాలుగైదు ఆకులు వచ్చేదాకా ఉంచుతాను. పూత మొదలయ్యేలోపు తప్పక తీసేయాలి, లేదంటే తేనెటీగలు రాలేవు.

నారు వయసు ఎక్కువైతే లాభం లేదు. వెచ్చగా ఉన్నప్పుడు 12 నుంచి 15 రోజులకు, చల్లగా ఉన్నప్పుడు మూడు వారాలకు, రెండు అసలు ఆకులు ఉన్న దశలో నాటేయాలి. కప్పు అడుగున వేళ్లు చుట్ట చుట్టుకుని, నులితీగలు కనబడుతున్న నారు నాటాక పది రోజులు అలాగే నిలబడిపోతుంది. దానితోపాటు నేలలో నేరుగా విత్తిన గింజ దాన్ని దాటిపోతుంది. నాటే ముందు నాలుగు రోజులు నీళ్లు తగ్గించి, రోజూ కాస్త ఎక్కువసేపు బయటి ఎండగాలికి అలవాటు చేయాలి. సాయంత్రం నాటాలి. మట్టిగడ్డ విడిపోకుండా, కప్పులో ఎంత లోతున ఉందో అంతే లోతున.

తీగ, నీరు, ఎరువు

నేల ఉదజని సూచిక (pH) 6 నుంచి 7 మధ్య, సేంద్రియ ఎరువు దండిగా, నీరు నిలవకుండా ఉండాలి. కుండీలో అయితే ఒక్కో తీగకు 15 నుంచి 20 లీటర్ల మట్టి, 30 సెంటీమీటర్ల లోతు. ఇంతకన్నా చిన్నదాంట్లో తీగ పెరుగుతుంది గానీ, కాపు మొదలయ్యాక మధ్యాహ్నానికే మట్టి ఎండిపోతుంది. కీర వేళ్లలో ఎక్కువ భాగం పై 30 సెంటీమీటర్లలోనే ఉంటాయి. అందుకే పైమట్టి ఎండితే మొక్క వెంటనే బాధపడుతుంది. కాయలో 95 శాతం నీరే, ఆ నీరు రోజూ ఒకేలా అందాలి. ఒకరోజు మాని మర్నాడు రెట్టింపు పోస్తే నడుం సన్నబడిన కాయలు, చేదు కాయలు వస్తాయి. ఎండుగడ్డి ఒక 5 సెంటీమీటర్ల మందాన పరిస్తే ఈ ఒడిదుడుకులు బాగా తగ్గుతాయి. నీళ్లు మొదట్లోనే, ఉదయాన్నే పోయాలి.

నాలుగు ఆకుల దశ నుంచి పూత దాకా 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీటిలో కరిగే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి వారానికోసారి మొదట్లో పోయవచ్చు. పూత మొదలయ్యాక పొటాష్ ఎక్కువున్న 13:0:45 అంతే మోతాదులో. నత్రజని మితిమీరితే ఆకులు అరచేతిని మించి, నల్లగా నిగనిగలాడతాయి, ఆడపూలు మాత్రం వెనకబడతాయి.

పందిరి ఎత్తు 1.8 మీటర్లు చాలు. కింది ఐదారు కణుపుల దాకా పక్క కొమ్మలు, పిందెలు తీసేస్తే గాలి ఆడుతుంది, తీగ ముందు నిలదొక్కుకుంటుంది. పార్థినోకార్పిక్ రకాలను ఒకే కాడగా పెంచవచ్చు. సాధారణ రకాల్లో పక్క కొమ్మలన్నీ తుంచడం మాత్రం నష్టమే, ఆడపూలు ఎక్కువగా వచ్చేది వాటిమీదే.

పూత, పిందె, చేదు

మొదట వారం, పది రోజులు వచ్చిన పూలన్నీ రాలిపోతే కంగారు పడక్కర్లేదు, అవి మగపూలు. ఆడపువ్వు రేకుల వెనక వేలి కణుపంత చిన్న కాయ ఉంటుంది. అది ఒక్క రోజే విచ్చి ఉంటుంది, ఆ రోజు తేనెటీగలు ఎనిమిది, పదిసార్లైనా వాలితేనే కాయ తిన్నగా ఊరుతుంది. తక్కువైతే పూవు కొసన సన్నబడి వంకర తిరుగుతుంది, అసలు లేకపోతే పిందె పసుపెక్కుతుంది. తేనెటీగలు కనబడని చోట ఉదయం పదింటిలోపు అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడిమనున్న కీలాగ్రం మూడు తమ్మెలకూ తాకేలా మెల్లగా తిప్పాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది.

పరాగ సంపర్కం జరిగినా కొన్ని పిందెలు రాలడం సహజం. తీగ మీద ఇప్పటికే నాలుగైదు కాయలు ఊరుతుంటే కొత్తవాటిని మొక్క తానే వదిలేస్తుంది. పిందెలన్నీ రాలుతూ, పగలు 35 దాటుతూ ఉంటే మాత్రం అది తేదీ దెబ్బ. అప్పుడు చేయగలిగింది మధ్యాహ్నం వేళకు నీడ వల కట్టడం, నీరు తప్పకుండా ఇవ్వడం. పూర్తిగా సరికాదు గానీ కాపు కొంత నిలబడుతుంది.

చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం. ఆకుల్లో, వేళ్లలో ఇది సాధారణంగా ఉంటుంది. వేడి, నీటి ఎద్దడి లాంటి ఒత్తిడి పడినప్పుడు కాయలోకి వస్తుంది, తొడిమ వైపున, తొక్క కింద ఎక్కువ. కొద్ది చేదైతే తొడిమ వైపు రెండు మూడు సెంటీమీటర్లు కోసేసి, మందంగా తొక్క తీస్తే పోతుంది. నాలుకకు గట్టిగా తగిలే చేదైతే తినకూడదు, వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆ కాయ విత్తనం దాచకూడదు కూడా.

ఆకు ఈనెల మధ్య గళ్లు గళ్లుగా పసుపు మచ్చలు, అడుగున బూడిదరంగు బూజు ఉంటే బూజు తెగులు, పైన పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. మొదటిది ఆకు తడిమీద వస్తుంది, వేగంగా పాకుతుంది, దట్టమైన తీగలో ఆపడం కష్టం. రెండోదానికి ఆకు తడవాల్సిన పని లేదు, దగ్గర దగ్గరగా నాటినచోట గాలిలో తేమ ఉంటే చాలు. లేత ఆకులు ముడుచుకుని, పసుపు ఆకుపచ్చ కలిసిన మచ్చలతో వస్తుంటే పేనుబంక మోసుకొచ్చిన మొజాయిక్ వైరస్ కావచ్చు. ఆ తీగను వెంటనే తీసేయాలి, దానికి మందు లేదు.

కోత

కాయ ఆ రకానికి చెప్పిన పొడవుకు చేరగానే, సాధారణంగా 15 నుంచి 20 సెంటీమీటర్లు, ముదురాకుపచ్చగా గట్టిగా ఉన్నప్పుడే కోయాలి. రోజు విడిచి రోజైనా తీగను వెతకాలి, వేడి రోజుల్లో రోజూ. ఆకుల చాటున దాక్కున్న ఒక్క కాయ పసుపెక్కి గింజ కట్టిందంటే తీగ తన పని అయిపోయిందనుకుని కొత్త పూలు తగ్గించేస్తుంది. కాడను లాగకుండా కత్తెరతో సెంటీమీటరు తొడిమ ఉంచి కత్తిరించండి. దాచడానికి 10 నుంచి 12 డిగ్రీలు సరైన చోటు. ఫ్రిజ్‌లో అడుగు అర కన్నా తలుపు వైపు మేలు. 10 కన్నా చల్లగా కొన్ని రోజులుంటే తొక్క మీద గుంటలు పడి నీరు కారుతుంది. పండ్లతో కలిపి పెడితే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు పసుపెక్కుతుంది.

కోతలు తగ్గి, కింది ఆకులు ఎండి, కాయలు పొట్టిగా రావడం మొదలైతే ఆ తీగకు ఎరువు పోయడం దండగ. రెండో విడత అప్పటికి పూతలో ఉండాలి. పాత తీగను మొదలంటా కోసి తీసేయండి, బూజు, వైరస్ ఉన్నదైతే కంపోస్టులో కలపకండి. ఆ మట్టిలో రెండు మూడేళ్లు కీర, దోస, సొర, బీర, గుమ్మడి వేయకుండా చిక్కుడో, ఆకుకూరో వేస్తే నేలలో మిగిలిన తెగుళ్లు చాలావరకు ఆకలితో పోతాయి.